గట్టయ్య తొక్కిన పట్నం

లారీ ముందు చక్రం పట్నం మీదికెక్కడం ఉమ కళ్లారా చూసింది.

ఆమె ఒక్కతే కాదు. మిల్లు గేటు ముందు కూర్చున్న రెండు వందల మందీ చూశారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండబెట్టి నూరిన ఆకుపొడి, బొగ్గుపొడి. ఈ అయిదు రంగులతో ఆమె తండ్రి గట్టయ్య నడుము ఎత్తకుండా నేల మీద వేసిన మల్లన్న పట్నం అది. నడుమ దేవుని గద్దె. ఇరుపక్కలా ఆయన ఇద్దరు భార్యలు. చుట్టూ నాలుగు దర్వాజలు. తూర్పు దర్వాజ మీదుగా లారీ లోపలికి పోయింది. దేవుని గద్దె రెండు ముక్కలైంది. చక్రాలకు అంటుకున్న పసుపు మిల్లు ఆవరణలో కొంత దూరం గీతలాగా సాగి, ఊక బూడిదలో కలిసిపోయింది.

సైదులు డోలు మీదికి ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోయింది. కథ చెబుతున్న గట్టయ్య నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాడు. లారీ ఇంజను ఆగాక ఆ గేటు ముందు వినిపించిందల్లా ఆయన దమ్ము. రొమ్ములోంచి ఈల వేసినట్టు వచ్చే ఆ చప్పుడు, ఆరేళ్ల కింద ఆయనకు లేదు.

ఆరేళ్ల కింద మిల్లు కూడా లేదు.

దొడ్డిగూడెం చిలుకూరు నుంచి కోదాడ పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. సగం ఊరు గొర్ల కాపర్లు. ఊరికి ఎగువన నరసింహారావు ఉప్పుడు బియ్యం మిల్లు పెట్టాడు. వడ్లు నానబెట్టి ఉడికించిన నీళ్లను మిల్లు వెనక కాలువ తవ్వి ఊరి కుంటలోకి వదిలాడు. మొదటి ఏడు నీళ్లు పచ్చబడ్డాయి. రెండో ఏడు నల్లబడ్డాయి. మూడో ఏటి నుంచి, ఆ కుంటలో మూతి పెట్టిన గొర్రె కడుపు ఉబ్బి కాళ్లు కొట్టుకుని చావడం మొదలైంది. పైనుంచి బూడిద. ఆరేసిన బట్టల మీద బూడిద, అన్నం కుండలో బూడిద, మనుషుల ఊపిరితిత్తుల్లో బూడిద.

ఉమ ఆ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి. గొర్లు అమ్మి చదివించారు. చదువు ఎందుకు పనికొస్తుందో చూపించాలని ఆమెకు ఆరాటం. తండ్రి చెప్పినవన్నీ పద్ధతిగా దరఖాస్తులుగా రాసింది. మండలంలో ఇచ్చింది, పై ఆఫీసుల్లో ఇచ్చింది. తీసుకున్న ప్రతివాళ్లూ రసీదు ఇచ్చారు. ఆ రసీదులను తల్లి భద్రమ్మ దేవుని గూట్లో పెట్టి రోజూ దండం పెట్టేది. కుంట మాత్రం నల్లగానే ఉంది.

రెండువేల పన్నెండు మాఘమాసంలో ఒకే రోజు ఊళ్లో నలభై గొర్లు చచ్చాయి. ఆ సాయంత్రం గొర్ల దొడ్డి దగ్గరే మీటింగు జరిగింది. జితేందర్ వచ్చాడు. ఆ ఊరి పిల్లవాడే, కోదాడ కాలేజీలో విద్యార్థి సంఘం నాయకుడు.

"ఇగ దరఖాస్తులు చాలు," అన్నాడు జితేందర్. "గేటుకాడ కూసుందాం. ఒక్క లారీ లోపటికి పోవద్దు."

"కూసుంటె కొడ్తరు," అన్నారు వెనక నుంచి ఎవరో.

"కొట్టనియ్యిరి. మొన్న సకలజనుల సమ్మెల దెబ్బలు తినలేదా మనం?"

"నువ్వెప్పుడు తిన్నవ్ కొడుకా? నువ్వు మైకు పట్టుకున్నవ్, దెబ్బలు మాకు వడ్డయ్," అంది పుష్పాబాయి. పక్క తండా మనిషి. మిల్లులో వడ్లు ఆరబోసే కూలి. అందరూ నవ్వారు, జితేందర్ కూడా. నవ్వు ఆగాక ఆమే మళ్లీ అంది: "లారీలు తోలేటోళ్లు ఎవలు? చిలుకూరోళ్లు, అనంతగిరోళ్లు. మనసొంటోళ్లే. ఆళ్లంతట ఆళ్లు ఎనకకు పోవాలె గని, మనం రాళ్లు పట్టుకుంటె ఆళ్లకే తగుల్తయ్."

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న గట్టయ్య నెమ్మదిగా అన్నాడు: "గేటు ముంగట పట్నం ఏస్తె ఎట్లుంటది?"

ఆ మాట అక్కడున్న కాపర్లందరికీ వెంటనే అర్థమైంది. గట్టయ్య ఒగ్గు పూజారి. ముగ్గులాగా పట్నం వేసి, దాని ముందు నిలబడి డోలు మీద మల్లన్న కథ చెప్పడం ఆయన తాతల నాటి పని. పట్నానికి ఒక పద్ధతుంది. వేశాక కథ పూర్తయ్యేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు. కథ ఎన్ని రోజులు నడిస్తే పట్నం అన్ని రోజులు ఉంటుంది. కథ అయ్యాక పూజారి డోలు దెబ్బకు ఆడుతూ దాన్ని కాళ్లతో తొక్కి చెరపాలి. వెనక జనం కూడా తొక్కాలి. ఆ కలిసిన పొడి తీసుకుని బొట్టు పెట్టుకోవాలి. అట్లా తొక్కితేనే దేవుడు లేచి తన ఇంటికి పోతాడు. తొక్కకుండా వదిలేస్తే, పిలిచిన దేవుణ్ణి నేల మీద వదిలేసినట్టు.

జితేందర్‌కు నచ్చలేదు. "తాతా, పోరాటంలకు దేవుణ్ణి తేవద్దు. ఇయ్యాల మనం తెస్తం, రేపు సేటు తెస్తడు. ఆయిన దేవుడు మన దేవునికంటె పెద్దగుంటడు."

"నీకు మైకున్నది, జెండా ఉన్నది. నాకాడ ఏమున్నది బిడ్డా?" అన్నాడు గట్టయ్య. "ఉన్నదే ఇది. లేంది నేను యాడికెల్లి తేవాలె?"

"మీ మీటింగు అయ్యేలోపట మల్లన్నే వచ్చి కుంట కడిగి పోయేటట్టున్నడు," అన్నాడు సైదులు, డోలు తాళ్లు బిగిస్తూ. "రేపు పొద్దుగాల రమ్మంటవా, లేదా? నేను కోదాడల దుకాణం బందు వెట్టుకోవాలె."

సైదులు దూదేకుల మనిషి. కోదాడలో పరుపులు కుడతాడు. ఆయన తండ్రి గట్టయ్య తండ్రికి డోలు కొట్టాడు. ఆయన తాత కూడా అంతే. సైదులు అనే పేరు ఆ తట్టు హిందువులకూ ఉంటుంది, ముస్లింలకూ ఉంటుంది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాళ్లంతా సైదులు, సైదమ్మలే. ఎవరు ఏ సైదులు అని అప్పటిదాకా ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు.

మొదటి రెండు రోజులు గట్టయ్య అనుకున్నట్టే జరిగింది. పట్నం చూసి డ్రైవర్లు లారీలు ఆపారు. ఒకతను దిగి, చెప్పులు విడిచి, దండం పెట్టి, "ఎన్నొద్దుల కథ?" అని అడిగాడు. "కుంట తేట అయిందాక," అన్నాడు గట్టయ్య. ఆ డ్రైవరు నవ్వి లారీ వెనక్కి తిప్పాడు. లోపల బాయిలరు చల్లారింది. ఆరేళ్లలో మొదటిసారి దొడ్డిగూడెం మీద బూడిద పడలేదు. ఒక్క రాయి లేవలేదు, ఒక్క తిట్టు లేదు. పగలంతా కథ, మధ్యలో కుంట కథ, చచ్చిన గొర్ల కథ. మల్లన్న గొర్లు కూడా ఆ నీళ్లే తాగినట్టు గట్టయ్య అల్లి చెబుతుంటే ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

మూడో రోజు ఎక్కడి నుంచో ఊరూ పేరూ తెలియని డ్రైవరును తెచ్చి లారీ తోలించారు. మొదట చెప్పింది అదే.

జితేందర్ అందరికంటే ముందు తేరుకున్నాడు. "ఎవ్వలు కాలు వెట్టొద్దు! చక్రం అచ్చు గట్లనే ఉండాలె. పేపరోళ్లు కోదాడల బయల్దేరిండ్రు, అర్ధగంటల వస్తరు. ఫోటో తీస్తె సేటు పని ఖతం!"

"అర్ధగంటా?" అన్నాడు గట్టయ్య.

"అర్ధగంటనే తాతా. నీకు దండం వెడ్త."

గట్టయ్య పట్నం చుట్టూ ఒకసారి తిరిగాడు. తెగిన గద్దె దగ్గర వంగి చూశాడు. "నేను పిలిస్తె వచ్చిండ్రా ఆయిన. నడుము ఇరిగినోన్ని ఫోటో కోసం ఎండల పండవెడ్తనా?" అని సైదులు వైపు చూశాడు. "కొట్టు."

ఉమ పరుగెత్తి తండ్రి చేయి పట్టుకోవచ్చు. జితేందర్ ఆమె వైపే చూశాడు, నువ్వు చెబితే వింటాడని. ఆమె కదలలేదు. తెగిన గద్దెను తండ్రి చూసిన చూపు ఆమె చూసింది.

సైదులు కొట్టాడు. గట్టయ్య పట్నంలోకి దిగాడు. దమ్ము పట్టిన ఆ రొమ్ముతో, కళ్లనిండా నీళ్లతో ఆడాడు. వెనకే డోలుతో సైదులు. ఆ వెనక భద్రమ్మ, పుష్పాబాయి, కాపర్లు, హమాలీలు, అందరూ. అందరి కాళ్ల కింద అయిదు రంగులూ కలిశాయి. చక్రం అచ్చు కూడా కలిసిపోయింది. పావుగంటలో అక్కడ లారీ పోయిన గుర్తు ఏదీ మిగల్లేదు. పేపరువాళ్లు వచ్చి రంగురంగుల దుమ్ము ఫోటో తీసుకుని, "ఇందులో ఏముంది బాబూ?" అని జితేందర్‌ను అడిగి వెళ్లిపోయారు.

కాటా గది కిటికీలో నరసింహారావు కొడుకు కార్తీక్ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లవారేసరికి కోదాడలో సెల్ రిపేరు కొట్లన్నింటా అదే వీడియో. ఒకరి ఫోన్ నుంచి ఒకరి ఫోన్‌కు పాకింది. రెండు నిమిషాలు కూడా లేదు. లారీ లేదు. నల్లబడ్డ కుంట లేదు. దేవుని బొమ్మ, దాని మీద మనుషుల కాళ్లు. అందులోనూ డోలు మెడలో వేసుకున్న మనిషి కాళ్ల మీదే వీడియో ఆగుతుంది. కింద అక్షరాలు: మన దేవుణ్ణి తొక్కుతున్న ఈ ముస్లిం ఎవరు?

మల్లన్న పట్నం అంటే ఏమిటో కోదాడ బజారులో తెలియనివాళ్లు చాలామంది. తెలిసినవాళ్లు ఆ రోజు మాట్లాడలేదు. మధ్యాహ్నానికి దుకాణాలు మూయించారు. బండ్ల మీద జెండాలతో తిరిగారు. సైదులు దుకాణం తాళం పగలగొట్టి దూది అంతా రోడ్డు మీద పోశారు. గాలికి ఆ దూది బస్టాండు దాకా ఎగిరింది. సైదులు అప్పటికే మిర్యాలగూడ బస్సెక్కి చెల్లెలి ఇంటికి చేరాడు. ఆ సంగతి ఉమకు ఒక్కదానికే చెప్పాడు.

సాయంత్రం గట్టయ్యను చిలుకూరు ఠాణాకు తీసుకుపోయారు. ఉమ వెంట వెళ్లింది. ఎస్సై ఎదురుగా తండ్రిని నిలబెట్టి అడుగుతుంటే విన్నది.

"దేవుణ్ణి నేల మీద గీసినవా?"

"గీసిన సారు."

"కాళ్లతోని తొక్కినవా?"

"తొక్కిన సారు."

"ఎందుకు తొక్కినవ్?"

"తొక్కకపోతె పాపం గద సారు."

ఎస్సై కలం పక్కన పెట్టాడు. "తొక్కితె పాపమా, తొక్కకపోతె పాపమా? సరిగ్గ చెప్పు ముసలోడా."

"ఏసి ఇడిసిపెడితె పాపం. లారీతోని తొక్కిస్తె పాపం. డోలు వెట్టి తొక్కితె పున్నెం."

"లారీ యాడిది? వీడియోల లేదు గదా."

గట్టయ్య ఉమ వైపు చూశాడు. ఉమ తల దించుకుంది. ఎస్సై రాసింది ఒక్కటే వాక్యం: దేవుని బొమ్మ గీసి కాళ్లతో తొక్కినట్టు ముద్దాయి ఒప్పుకున్నాడు. మత విశ్వాసాలను గాయపరిచిన నేరం. బెయిలు లేని సెక్షన్. ఆ రాత్రి నుంచి మండలంలో బహిరంగంగా పట్నం వేయరాదని, డోలు మోగించరాదని ఉత్తర్వు కూడా వచ్చింది. మాఘమాసంలో, మల్లన్న నెలల్లో.

కోదాడ వకీలు కృష్ణమూర్తి కేసు పట్టుకున్నాడు కానీ ఆశ చూపలేదు. "బెయిలుకు వేశానమ్మా. ప్రభుత్వం తరఫు వాళ్లు వాయిదా అడుగుతున్నారు. నరసింహారావు గారు ఒక మాట చెబితే వాళ్లు అడ్డుపడరు. వెళ్లి కలిసి చూడు, తప్పేం లేదు."

ఉమ, భద్రమ్మ మిల్లుకు వెళ్లారు. బాయిలరు మళ్లీ మండుతోంది. ఆఫీసు గదిలో గోడ నిండా దేవుళ్ల పటాలు, తాజా పూలదండలు. నరసింహారావు కటువుగా మాట్లాడే మనిషి కాదు. భద్రమ్మకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"చూడమ్మా, మీ నాన్న అంటే నాకు కోపం లేదు. కానీ ఇది దేవుడి విషయం. మావాళ్లంతా చాలా బాధపడుతున్నారు."

"పట్నం మీంచి మీ లారీ పోయింది గద సేటు," అంది ఉమ. "అది బాధ గాదా?"

"లారీకి తెలుస్తుందా అమ్మా? అది ఇనుము. మనిషికి తెలియాలి కదా."

"తోలినోడు మనిషే గద."

నరసింహారావు బల్ల మీది కాగితాలు సర్దాడు. ఉమ కిటికీ దగ్గర నిలబడ్డ కార్తీక్ వైపు తిరిగింది. "నీ ఫోన్ల లారీ గూడ ఉండాలె."

కార్తీక్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. "చార్జింగ్ లేకుండె. చివరిదే వచ్చింది," అన్నాడు, నేల చూస్తూ.

నరసింహారావు ఒక కాగితం ముందుకు జరిపాడు. టైపు చేయించి సిద్ధంగా ఉంచాడు. "మీ నాన్న దీని మీద వేలిముద్ర వేస్తే చాలు. రేపటికల్లా ఇంట్లో ఉంటాడు."

బయటికొచ్చాక భద్రమ్మ అడిగింది: "ఏం రాసిండ్రు బిడ్డా?"

ఉమ చదివింది. సైదులు మా బృందం మనిషి కాడు. అతను అన్యమతస్థుడు, మా ఆచారం తెలియనివాడు. మమ్మల్ని రెచ్చగొట్టి దేవుని బొమ్మ మీద మొదట కాలు పెట్టింది అతనే. ప్రస్తుతం అతను ఉన్న చోటు ఫలానా. ఆ ఫలానా దగ్గర ఖాళీ వదిలారు, రాసుకోవడానికి.

భద్రమ్మ చాలాసేపు నడిచాక అంది: "సైదులు నా చేతి కూడు తిన్నోడు. నాకు తమ్ముని లెక్క." ఇంకా కొంత దూరం నడిచాక మళ్లీ అంది: "అయినా నాకు నా మనిషి గావాలె బిడ్డా. మందు లేక సస్తడు ఆడ."

తల్లి ఆ రెండు మాటలూ నిజంగానే అన్నది. ఉమ రెండింటినీ మోసుకుని జైలుకు వెళ్లింది.

జాలీకి ఇటు ఆమె, అటు గట్టయ్య. తొమ్మిది రోజుల్లో సగమయ్యాడు. గొంతు లేవడం లేదు. పీల్చే మందు డబ్బా లోపలికి ఇవ్వలేదట. ఇస్తామన్నారట. ఉమ కాగితం మొత్తం చదివి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు, ఎవరో చెబుతున్న కథ విన్నట్టు.

"నాయినా, ముద్ర వెయ్యి," అంది ఉమ. ఆమెకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సైదులు మామ ఏమనుకోడు. నేను జెప్త."

"ఏమనుకోడని నాకెరికే," అన్నాడు గట్టయ్య. "అందుకే వెయ్య."

"నువ్వు ఇంట్ల ఉంటె కేసు కొట్లాడొచ్చు. ఆయిన్ని గూడ తర్వాత ఇడిపించుకుందాం. జితేందరన్న ఉన్నడు, వకీలు ఉన్నడు..."

"నువ్వు సదువుకున్నవ్. నీ సదువు ఏం చెప్తున్నదో నాకు దెల్వదు. నాకు డోలు చెప్తది. డోలు లేంది నా కాలు లేవది. ఆ కాలు నాది గాదని నేనెట్ల అనాలె?" దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు. ఆగాక జాలీ దగ్గరికి వంగి అడిగాడు: "ఆడు యాడున్నడో నీకెరికేనా?"

"ఎరికే."

"నాకు జెప్పకు. దమ్ముల ఏం వాగుతనో నాకే తెల్వదు. నా పానం బాలేదని ఆనికి గూడ జెప్పకు. జెప్తె ఉరికొస్తడు, పిచ్చోడు."

ఉమ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చింపలేదు. ఆ మాట ఆమె ఎన్నడూ దాచలేదు. చింపే ధైర్యం ఆ రోజు ఆమెకు లేదు.

మర్నాడు మిర్యాలగూడ నుంచి సైదులు ఫోన్ చేశాడు. వెనక వీధి చప్పుడు వినిపిస్తోంది.

"బిడ్డా, అన్న ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు మామ."

"దమ్ము?"

ఉమ కళ్ల ముందు సంచీ ఉంది, అందులో కాగితం ఉంది. ఒక్క మాట చాలు. నాయినకు బాలేదు అంటే చాలు. సైదులు తనంతట తానే బస్సెక్కి ఠాణాకు వస్తాడు. ఆ ఖాళీని ఎవరూ నింపక్కరలేదు. తండ్రి ఇంటికొస్తాడు.

"దమ్ము తక్కువైంది మామ," అంది ఉమ. "నువ్వు ఆడనే ఉండు."

నాలుగు రోజులకు, మధ్యాహ్నం పూట, ఒక కానిస్టేబులు వచ్చి మీ నాయినకు సీరియస్ అన్నాడు. తల్లీ కూతుళ్లు దవాఖానకు చేరేసరికి గట్టయ్య మీద బట్ట కప్పి ఉంది. ఆ అరికాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. గొర్ల వెంట తిరిగి తిరిగి పగిలిన అరికాళ్లు. భద్రమ్మ ఆ కాళ్లను కొంగుతో తుడిచింది. "ఈ కాళ్లనే గద జైల్ల వెట్టిండ్రు," అని మాత్రం అంది.

శవాన్ని ఊరికి తెచ్చారు. పోలీసులు ముందే షరతులు చెప్పారు. మిల్లు దారిన పోకూడదు. ఊరేగింపు ఉండకూడదు. డోలు మోగకూడదు. ఒగ్గు పూజారిని డోలు లేకుండా మట్టికి ఇవ్వడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. పాడె ఎత్తడానికి మొగవాళ్లు ముందుకొచ్చి, ఎత్తలేక ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

అప్పుడు మిర్యాలగూడ బస్సు దిగి, రోడ్డు మీంచి నడుచుకుంటూ సైదులు వచ్చాడు. మెడలో డోలు ఉంది. జితేందర్ ఫోన్ చేసి చెప్పాడట. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన తిన్నగా ఉమ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తక్కువైందన్నవ్ గద బిడ్డా."

ఉమ పాడె వైపు చూసింది.

"ఎందుకు జెప్పలే నాకు? నేను బతికి ఏం జెయ్యాలె? పరుపులు కుట్టాల్నా?"

"నాయిన చెప్పొద్దన్నడు మామ."

"ఆయిన అంటడు. ఆయిన ఎప్పుడూ గంతే." సైదులు ఆమె నెత్తి మీద చేయి పెట్టాడు. "లేవుండ్రి. ఎత్తుండ్రి. అన్న ఎదురుచూస్తున్నడు."

డోలు మోగింది. పాడె లేచింది. ఆ దెబ్బ విని పక్క ఊళ్ల కాపర్లు గొర్లను చేన్లలో వదిలి వచ్చారు. పోలీసు జీపు బొందలగడ్డ దాకా వెనకే నెమ్మదిగా వచ్చి ఆగింది. మట్టి వేయడం అయ్యేదాకా ఎస్సై జీపు దిగలేదు. అయ్యాక దిగాడు. సైదులు తానే డోలు విప్పి చేతిలోకి తీసుకుని జీపు దగ్గరికి నడిచాడు.

పడుచువాళ్ల చేతుల్లోకి మట్టిపెడ్డలు వచ్చాయి. "జీపు కదలనియ్యొద్దు!" అని అరిచాడు ఒకడు. జితేందర్ కూడా వంగాడు.

"కింద ఎయ్యిరి," అంది భద్రమ్మ. గొంతు పెద్దది చేయలేదు కానీ అందరూ విన్నారు. "ఒక్క పెడ్డ ఇసిరితె ఆళ్లు రాసుకునేది గదొక్కటే. మా ఆయిన రాయి ముట్టకుండ సచ్చిపోయిండు. ఆ దినం ఎంతమందిమి తొక్కినం?"

వంగిన జితేందర్ లేచి నిలబడ్డాడు.

"నేను తొక్కలేదా? పుష్పా, నువ్వు తొక్కలేదా? మరి ఆళ్లిద్దరినే ఎందుకు వట్టుకపోతరు? మనమెందుకు ఇండ్లల్ల కూసున్నం ఇన్నొద్దులు?"

సైదులు ఎక్కాక జీపు కదిలింది. పుష్పాబాయి చేతిలోని పారను నేలకేసి నడక మొదలుపెట్టింది. వెనక అందరూ నడిచారు. బొంద మట్టి కాళ్లతోనే నాలుగు కిలోమీటర్లు నడిచి ఠాణాకు వచ్చారు. దారిలో నినాదాలు లేవు. ఉమ సంచీలోంచి కాగితం తీసి ముక్కలు చేసి కాలువలో వేసింది. ఎవరికీ చూపించలేదు.

ఠాణా వరండాలో కానిస్టేబులు ముందు అందరికంటే మొదట నిలబడ్డది భద్రమ్మ.

"ఏం గావాలె అవ్వా?"

"పేరు రాస్కో. భద్రమ్మ."

"ఎందుకు?"

"నా దేవుని పట్నం నేను తొక్కిన."

"భర్త పేరు?"

"గట్టయ్య. ఇప్పుడే బొంద వెట్టొచ్చిన."

కానిస్టేబులు కలం ఆగింది. వెనక్కి తిరిగి ఎస్సై గది వైపు చూశాడు. పుష్పాబాయి ముందుకొచ్చింది. "నేను లంబాడిదాన్ని. మా దేవుడు వేరే. అయినా తొక్కిన, బొట్టు గూడ వెట్టుకున్న. ఎవ్వలు బాధపడలే. రాస్కో."

తర్వాత ఒక లారీ డ్రైవరు వచ్చాడు. "నేను తొక్కలే సారు. తొక్కొద్దనే లారీ ఎనకకు తిప్పిన. అది గూడ నేరమైతె రాస్కోండ్రి."

కోదాడ నుంచి పరుపుల వీధి మనుషులు పదిమంది ఆటోల్లో దిగారు. అందులో పెద్దాయన టోపీ సర్దుకుని అన్నాడు: "మేము ఆ రోజు రాలేదు సార్. దూది రోడ్డు మీద పోస్తుంటే లోపల గడియ పెట్టుకున్నాం. ఆ తప్పుకు రాసుకోండి."

ఎస్సై బయటికి వచ్చాడు. వరండా చూశాడు, గేటు చూశాడు, రోడ్డు చూశాడు. "ఏంది లొల్లి? ఇంతమందిని నేను యాడ వెట్టాలె? పోండ్రి. పిలిచినప్పుడు రాండ్రి."

అప్పటికి ఉమ వంతు వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఏడ్చి ఏడ్చి పొడిబారిన ముఖం. దరఖాస్తు ఇచ్చినప్పుడు మాట్లాడినంత పద్ధతిగానే మాట్లాడింది.

"మా నాయిన్ని వెట్టిన జాగ ఖాళీ అయింది గద సార్. ఆడికెల్లి మొదలువెట్టుండ్రి."

లోపల ఊచల వెనక నుంచి సైదులు, "వద్దు బిడ్డా, ఇంటికి పో," అని పిలిచాడు. ఉమ పోలేదు. కానిస్టేబులు కాగితం నిండిపోతే తిప్పి వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు. వరస గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి టీ కొట్టు దాకా సాగింది. అనంతగిరి వైపు నుంచి గొంగళ్లు భుజాన వేసుకుని ఇంకా మనుషులు వస్తున్నారు.